ఊసరవెల్లి పిల్లకి తండ్రి రంగే వస్తుందా?

పెంపుడు జంతువుల గురించి మీరు పంపే ప్రశ్నల్లో ఈమధ్య ఊసరవెల్లి తరచూ కనిపిస్తోంది. అమెరికాలో మనవాళ్ల పిల్లలు కుక్కా పిల్లీ దాటి పాంథర్ ఊసరవెల్లి దాకా వెళ్లారు. మడగాస్కర్‌లో పుట్టిన జీవి అది, వంశం అక్కడ ఏ ఊరిదో దాన్ని బట్టి రంగు వేరుగా ఉంటుంది, ఖరీదు కూడా ఆ రంగుని బట్టే ఉంటుంది. అందుకే ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చినా చివరికి రంగు ఎవరి నుంచి వస్తుందన్న దగ్గరే ఆగుతోంది. ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి అంబిలోబే రకం పాంథర్ పిల్లని కొన్నాం. అమ్మినాయన తండ్రి ఫోటో చూపించాడు. ఒళ్లంతా పసుపు, ఎరుపు, వాటి మధ్య ముదురు నీలం పట్టీలు, చూడగానే పాప ఎగిరి గంతేసింది. నాలుగు వందల డాలర్లు పోశాం. ఇప్పుడు దానికి ఏడు నెలలు. ఒళ్లు పచ్చగా ఉంది, పట్టీలు మట్టి ఎరుపులో ఉన్నాయి, నీలం జాడే లేదు. మేం మోసపోయామా? పాపకి ఏం చెప్పాలో తెలియట్లేదు.
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మోసం అని ఇప్పుడే అనేయకండి. ముందు వయసు సంగతి చూద్దాం. పాంథర్ గుడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు మగదైనా ఆడదైనా ఒకటే తీరు, బూడిద రంగూ గోధుమ రంగూ కలిసిన చిన్న పుల్లలా ఉంటుంది. మగపిల్లకి నాలుగైదు నెలల నుంచి రంగు తొంగి చూడడం మొదలవుతుంది, అది కుదురుకోవడానికి ఏడాది పడుతుంది, కొన్నింటికి ఏడాదిన్నర కూడా పడుతుంది. కాబట్టి ఏడు నెలల పిల్లని పెద్ద మగదాని ఫోటో పక్కన పెట్టి పోల్చకండి.

ఇక ఆ ఫోటో. అమ్మేవాళ్లు చూపించే ఫోటోలు చాలావరకు మగది రెచ్చిపోయి ఉన్నప్పుడు తీసినవే. ఎదురుగా ఇంకో మగదాన్ని చూపిస్తే ఒకట్రెండు నిమిషాల్లో ఒంటి మీద పచ్చదనం పసుపులోకి, నారింజలోకి తిరుగుతుంది, ఎరుపు మండిపోతున్నట్టు అవుతుంది, నీలం పట్టీలు కాస్త తెల్లబడతాయి. అదే జీవి మధ్యాహ్నం కొమ్మ మీద నిమ్మళంగా కూర్చున్నప్పుడు చూస్తే ఇదేనా ఆ ఫోటోలోది అనిపిస్తుంది. అందుకే కొనేటప్పుడు ప్రశాంతంగా ఉన్నప్పటి ఫోటో కూడా అడగాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకోటి. తల్లి ఎవరు? దాదాపు ఎవరూ అడగరు, ఎందుకంటే ఆడ పాంథర్ ఏ ఊరిదైనా చూడ్డానికి ఒకేలా ఉంటుంది, లేత గులాబీ, పీచు రంగు, లేకపోతే గోధుమ రంగు. చూపించుకోవడానికి ఏమీ లేదని దాని ఫోటో కూడా పెట్టరు. కానీ పిల్ల రంగులో సగం దాని వాటా. నీలం పట్టీకి సంబంధించినవైనా ఎర్ర పట్టీకి సంబంధించినవైనా జన్యువులు దాని ఒంట్లో ఉంటాయి, ఆడదాని ఒంటి మీద పైకి కనపడవంతే, కొడుకుల మీదికి వెళ్లాక బయటపడతాయి. మన పల్లెల్లో ఆంబోతుని ఎంచేటప్పుడు దాని తల్లి పూటకి ఎన్ని పాలిచ్చేదని అడుగుతారు కదా, ఆంబోతు పాలివ్వదు, అయినా దాని కూతుళ్ల పాడి మీద దాని వాటా సగం ఉంటుంది. ఇక్కడ అదే లెక్క తిరగేసి ఉంది, అంతే.

కాబట్టి అమ్మినాయనకి ఇప్పుడైనా ఒక మెసేజ్ పెట్టండి. తల్లికి తండ్రి, అంటే మీ పిల్లకి తాత, ఎలా ఉండేదో, తల్లి తోడబుట్టిన మగవి ఎలా ఉన్నాయో ఫోటోలు పంపమనండి. అంతకంటే మంచి ఆధారం ఇంకోటి ఉంది, ఇదే జంటకి ఇంతకుముందు పుట్టిన మగపిల్లలు పెద్దయ్యాక తీసిన ఫోటోలు. బాధ్యతగా పెంచేవాళ్ల దగ్గర ఇవి ఉంటాయి. నాలుగు రకాల ఫోటోలు పంపితే నాలుగూ చూడండి, ఒక్క ఫోటోతో సరిపెడితే మాత్రం ఆయన దగ్గర ఇంకోసారి కొనొద్దని నా సలహా.

మీ పిల్ల విషయంలో జరిగింది ఇదే అయ్యుండొచ్చు. అంబిలోబే అనేది మడగాస్కర్ ఉత్తరాన, ఆంత్సిరానానా నుంచి అంబాంజా వెళ్లే దారిలో ఉన్న ఊరు. ఆ చుట్టుపక్కల పాంథర్లలో నీలం పట్టీలవీ ఉన్నాయి, ఎర్ర పట్టీలవీ ఉన్నాయి, రెండూ అక్కడివే. నీలం పట్టీల తండ్రికి ఎర్ర పట్టీల కొడుకు పుట్టడం వింతేమీ కాదు, తల్లి వైపు ఎరుపు ఉంటే చాలు. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములు కూడా ఒకదానికొకటి పోలిక లేకుండా తేలతాయి. ఎర్ర పట్టీ వచ్చినంత మాత్రాన అది అంబిలోబే కాకుండా పోదు, తక్కువ రకమూ కాదు.

పాప చేత ఒక పని చేయించండి. నెలకోసారి, పొద్దున అది ఎండ బల్బు కింద వెచ్చబడి నిమ్మళంగా ఉన్నప్పుడు, ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీయించండి. ముందు మెడ పక్కన, కళ్ల చుట్టూ మార్పు కనిపించొచ్చు. అద్దం చూపించి రెచ్చగొట్టడం లాంటివి మాత్రం రోజూ చేయనివ్వకండి, దానికి అది నిజంగానే టెన్షన్. ఇంకో మాట, రోజుల తరబడి ఒళ్లు నల్లబడిపోయి, పగలు కూడా కళ్లు మూసుకుని ఉంటే అది జన్యువుల సంగతి కాదు, వేడి చాలట్లేదో జబ్బు చేసిందో, వెంటనే సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను తొమ్మిదో క్లాసు. (నేను చెప్తుంటే అమ్మ తెలుగులో టైప్ చేస్తోంది.) స్కూల్లో మెండెల్ పాఠం అయింది. మా పాంథర్ మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. నీలం డామినెంటా (అంటే జతలో పైచేయి దానిదా), ఎరుపు డామినెంటా? గళ్ల చార్ట్ ఒకటి గీసి ఇస్తారా?
– ఒక విద్యార్థి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చార్ట్ గీసి ఇవ్వలేను నాన్నా, ఎందుకు ఇవ్వలేనో చెప్తాను, నీ ప్రాజెక్టు అక్కడే ఉంది.

మెండెల్ 1866లో అచ్చేసిన బఠానీ లెక్కల్లో ఒక్కో లక్షణం వెనక ఒక్కో జన్యువు ఉంది. అందుకే మూడింటికి ఒకటి అంటూ అంత శుభ్రంగా తేలింది. పాంథర్ రంగు అలాంటిది కాదు. అసలు దాని ఒంట్లో నీలం రంగు పదార్థమే లేదు. జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఈ పాంథర్ చర్మాన్నే పరీక్షించి ప్రచురించారు. చర్మంలో కొన్ని కణాల నిండా గ్వానిన్ అనే పదార్థపు అతి చిన్న స్ఫటికాలు వరసగా పేర్చి ఉంటాయి. వరసల మధ్య దూరం తక్కువగా ఉంటే వాటి మీద పడిన వెలుతురులో నీలం వెనక్కి తిరిగి వస్తుంది. ఆ పైన పసుపు కణాల పొర ఉంటే నీలమూ పసుపూ కలిసి మనకి పచ్చగా కనిపిస్తుంది. అది రెచ్చిపోయినప్పుడు స్ఫటికాల మధ్య దూరం పెరుగుతుంది, అప్పుడు పసుపు, నారింజ వైపు జరుగుతుంది. ఎరుపుకి వేరే కణాలున్నాయి, వాటిలో నిజంగానే ఎర్ర పదార్థం ఉంటుంది. నలుపుకి మెలనిన్ ఉండనే ఉంది.

ఇప్పుడు నువ్వే చెప్పు, 'నీలం పట్టీ' అంటే ఏంటి? ఆ చోట స్ఫటికాలు సరైన దూరంలో ఉండాలి, పైన పసుపు పలచగా ఉండాలి, ఎర్ర కణాలు అడ్డం రాకూడదు, వెనక నలుపు సరిపడా ఉండాలి, పైగా ఇదంతా ఒళ్లంతా కాకుండా పట్టీ ఉండే చోటే జరగాలి. ఒక్కో దాని వెనక ఎన్నో జన్యువుల చెయ్యి ఉంటుంది. వాటిలో ఏది డామినెంట్ అని ఒక్క మాటలో అడిగితే జవాబు ఉండదు.

లెక్క వేసి చూపిస్తాను. ఒక జన్యువుకి రెండు రూపాలుంటే పిల్లకి మూడు రకాల జతలు రావచ్చు. అలాంటివి ఐదు జన్యువులు ఉన్నాయనుకో, మూడుని ఐదుసార్లు గుణించు, 243 రకాలు. నీ గళ్ల కాగితం చాలదు. పైగా అప్పుడు పిల్లలు నీలం, ఎరుపు అని రెండు గుంపులుగా విడిపోవు, ఈ చివర నుంచి ఆ చివర దాకా మధ్యలో అన్ని ఛాయలూ వస్తాయి, మనుషుల ఎత్తులాగే. నిజంగా ఒక ఈతలో పుట్టిన మగవాటన్నిటినీ పెద్దయ్యాక వరసగా పెట్టి చూస్తే కనపడేది ఇదే.

ఇంకో తేడా కూడా బాగా పట్టుకో. తల్లిదండ్రుల నుంచి వచ్చేది ఏ రంగులు చూపించగలదు, పట్టీలు ఎక్కడ ఉండాలి అన్న హద్దు. ఈ క్షణంలో ఆ హద్దు లోపల ఏది చూపిస్తోంది అన్నది వేడి, కోపం, భయం, జతకి సిద్ధంగా ఉందా లేదా, వీటి మీద ఉంటుంది. చుట్టూ ఉన్న ఆకు రంగులోకి, గోడ రంగులోకి మారిపోతుందని మనం చిన్నప్పటి నుంచి వింటాం, అది నిజం కాదు. ఎర్ర చొక్కా మీద కూర్చోబెట్టినంత మాత్రాన ఎర్రబడదు.

మెండెల్ చార్టే కావాలంటే కార్న్ స్నేక్ తీసుకో. ఆ పాముల్లో నలుపు లేకుండా పుట్టే రకం ఉంది, అది ఒకే జన్యువు లెక్క, రిసెసివ్, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. చూడ్డానికి మామూలుగా ఉన్న రెండు పాములు ఆ జన్యువుని ఒక్కో వంతు మోస్తుంటే, పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి ఆ రంగుతో పుడుతుంది. ఊసరవెల్లుల్లో యెమెన్ వైపు నుంచి వచ్చిన వెయిల్డ్ రకంలో 'ట్రాన్స్‌లూసెంట్' అనే పెంపుడు వంశాలున్నాయి, చర్మం మీద రంగు లేని మచ్చలతో పుడతాయి. వంశంలో నడిచే లక్షణమే అది, అయినా ఒక పిల్లకి పాదం మీద చిన్న మచ్చతో ఆగితే దాని తోబుట్టువుకి ఒళ్లు సగం తెల్లగా ఉండొచ్చు. ఎంత మేర వస్తుందో ముందే చెప్పలేరు.

ప్రాజెక్టుకి నా సలహా: మీ పాంథర్ ఈసారి కుబుసం విడిచినప్పుడు ఆ ముక్కలు దాచు, అది వాటిని తినేయకముందే తీసుకోవాలి. పొలుసుల గుర్తులన్నీ ఉంటాయి కానీ ఎర్ర పట్టీ మీదది, పచ్చ ఒంటి మీదది, అన్నీ తెల్లటి పలచటి కాగితంలా ఒకేలా ఉంటాయి. రంగు కణాలు ఆ పొరలో లేవు, కింద ఉన్నాయి. పక్కన దాని ఫోటోలు, నిమ్మళంగా ఉన్నప్పటివి, రెచ్చిపోయినప్పటివి పెట్టి స్ఫటికాల బొమ్మ గీశావంటే మీ టీచర్ తప్పకుండా ఆగి చూస్తారు. ఇంకా చోటుంటే ఇది కూడా రాయి: పాంథర్లలో పిల్ల మగదా ఆడదా అనేది తల్లి ఇచ్చే క్రోమోజోమ్ తేలుస్తుంది, వెయిల్డ్‌లో మనలాగే తండ్రిది. గుడ్డుకి వేడి ఎక్కువ పెడితే మగవి పుడతాయన్న మాట ఈ రెండింటికీ వర్తించదు.

ప్రశ్న: మా దగ్గర నోసీ బే (మడగాస్కర్ వాయవ్యాన ఉన్న దీవి) రకం మగది ఉంది, నీలం పచ్చ కలిసిన అద్భుతమైన రంగు. తెలిసినవాళ్లు అంబిలోబే ఆడదాన్ని ఇస్తామంటున్నారు. రెండింటినీ కలిపితే దీని నీలం, దాని ఎరుపు రెండూ ఉన్న పిల్లలు పుడతాయంటున్నారు కొందరు. వద్దే వద్దంటున్నారు ఇంకొందరు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: వద్దంటాను. పిల్లలు అందంగా ఉండవని కాదండీ, కొన్ని చాలా బాగా వస్తాయి. కానీ మీరనుకున్నట్టు ఇక్కడి నీలం, అక్కడి ఎరుపు చెరో సగం ఏరుకుని రావు. పైన చెప్పాను కదా, ఎన్నో జన్యువులు కలిసి చేసే పని. కొన్నింటికి పట్టీలు మసకబారతాయి, కొన్నింటికి తండ్రి పోలిక, కొన్నింటికి దేని పోలికా ఉండదు. ఆ పిల్లల్ని మళ్లీ వాటిలో వాటికే కలిపితే తర్వాతి తరంలో ఇంకా చెల్లాచెదురు అవుతుంది.

నా అసలు భయం కూతుళ్ల గురించి. కొడుకుల్ని చూస్తే ఎవరైనా ఇది కలిసిన రకమని పట్టేస్తారు. కూతుళ్లు మాత్రం మళ్లీ అదే లేత గులాబీ రంగులో, అన్ని ఊర్ల ఆడవాటిలాగే ఉంటాయి. మీరు నిజాయితీగా చెప్పి అమ్మినా, కొన్నాయన ఇంకొకరికి ఇచ్చేటప్పుడు చీటీ పోతుంది, అది అంబిలోబే అని ఎవరో అనుకుంటారు, దాని కొడుకులు పెద్దయ్యేదాకా సంగతి తెలియదు. ఫ్రిస్కో నుంచి రాసిన తల్లి లాంటివాళ్లకి అప్పుడు నిజంగానే అన్యాయం జరుగుతుంది.

ఊరి పేరుకి అంత విలువ ఎందుకంటే దాని వెనక నిజమైన వంశం ఉంది. జెనీవా శాస్త్రవేత్తలే మడగాస్కర్ వాళ్లతో కలిసి 324 పాంథర్ల నుంచి రక్తపు బొట్టు, ఫోటో తీసుకుని పోల్చి చూశారు, అది కూడా 2015లోనే వచ్చింది. ఏ ప్రాంతపు జన్యువులు ఆ ప్రాంతానివిగా విడివిడిగా ఉన్నాయి, రంగుని జాగ్రత్తగా కొలిస్తే ఏ వంశానిదో చాలావరకు చెప్పగలిగారు. వీటిని ఒక జాతిగా కాకుండా 11 జాతులుగా చూడాలేమో అని కూడా ప్రతిపాదించారు. మన ఇళ్లలో పుట్టినవి తిరిగి ఆ అడవికి వెళ్లేవి కావు, ఒప్పుకుంటాను. కానీ పెంపకంలో ఉన్నవాటిలోనైనా నోసీ బే నోసీ బేగా, తూర్పు తీరపు తమతావ్ తమతావ్‌గా మిగలడం నాకు ముఖ్యం.

ఆ ఆడదాన్ని తెచ్చుకుంటే ఇంకో సంగతి. ఆడ పాంథర్ ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని, మళ్లీ మగదాన్ని చూడకుండానే తర్వాతి ఈతలు కూడా పెట్టగలదు. ఇంతకుముందు అది ఎవరి మగదాని దగ్గర ఉందో తెలియకపోతే, మీ ఇంట్లో పొదిగిన పిల్లలకి తండ్రి మీ నోసీ బే అవునో కాదో మీరే చెప్పలేరు. దగ్గరికి వెళ్లిన మగదాన్ని చూసి అది ఒళ్లు నల్లబరిచి, నారింజ మచ్చలు చూపించి నోరు తెరుస్తోందంటే ఇప్పటికే గుడ్లతో ఉండొచ్చు, వెంటనే విడదీయండి.

శ్రమ సంగతి కూడా ఆలోచించుకోండి. ఒక ఈతకి పది నుంచి ముప్ఫై గుడ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పొదగడానికి ఆరు నెలల నుంచి ఏడాది. పుట్టినవి కాస్త ఎదిగాక దేని పంజరం దానికే, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి చూసుకునే బెదిరిపోతాయి. రంగు తెలియడానికి ఇంకో ఏడాది ఆగాలి. తల్లికి ప్రతి ఈత ఒంట్లో శక్తి పీల్చేసే పనే, మగవాటి కంటే ఆడవి తక్కువ కాలం బతకడానికి అదొక కారణం. జతకట్టించకపోయినా అది గుడ్లు పెట్టొచ్చు, కాబట్టి తవ్వుకోవడానికి లోతైన తడి ఇసుక మట్టి తొట్టె తప్పనిసరి.

నోసీ బే కావాలంటే నోసీ బే ఆడదాన్నే వెతకండి, దాని తండ్రి ఫోటోతో సహా. ఒకవేళ కలిపేసే ఉంటే, ప్రతి పిల్లతో పాటు రెండు వంశాల పేర్లూ రాతలో ఇవ్వండి, ఆడపిల్లలకి మరీ ముఖ్యం.

ప్రశ్న: క్యారెట్, ఎర్ర క్యాప్సికం తినిపించిన పురుగులు పెట్టి, రాత్రి ఎర్ర బల్బు వేస్తే ఎరుపు పెరుగుతుందని విన్నాం. నిజమేనా?
– ఒక జంట, డబ్లిన్, కాలిఫోర్నియా

జవాబు: పురుగులకి మంచి తిండి పెట్టడం వరకు సరే, అది ఆరోగ్యానికి. జన్యువుల్లో లేని ఎరుపుని తిండి తేలేదు, ఉన్న ఎరుపు పూర్తిగా పైకి రావడానికి మాత్రం సరైన యూవీబీ లైట్ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది), పగలు 85 నుంచి 88 ఫారన్‌హీట్ దాకా వెచ్చగా ఉండే ఒక కొమ్మ, తాగడానికి ఆకుల మీద నీటి చుక్కలు కావాలి. రంగు కోసమని విటమిన్ ఎ ఎక్కువెక్కువ వేయకండి, విషమవుతుంది. రాత్రి ఏ బల్బూ వద్దు, ఎర్రదైనా సరే. దానికి పూర్తి చీకటి, చల్లదనం కావాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పాంథర్ పెంచుకోవచ్చా? లేదంటే మా అనంతపురం పొలం కంచెలో దొరికే ఊసరవెల్లినే తెచ్చి పెంచుదామా అనుకుంటున్నా.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పొలంలోదాన్ని ముట్టుకోకండి. మన దేశపు ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కంచె మీద ఉన్నప్పుడే దూరం నుంచి చూడండి, ఆ ఆకుపచ్చ మీద పసుపు పట్టీలు ఎండలో ఎలా తేలతాయో అక్కడే బాగా తెలుస్తుంది. పాంథర్ విదేశీ జాతే అయినా, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటివి ఎవరి దగ్గర ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి, 2024 నిబంధనలతో అది కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ 2.0 పోర్టల్‌లో జరుగుతోంది, చేతులు మారినా పిల్లలు పుట్టినా కూడా తెలియజేయాలి. ఎవరైనా కాగితాలు తర్వాత ఇస్తామంటే డబ్బు కట్టకండి.